ఆఖరి సెమిస్టరు – పట్నవాసపు ఖర్చు

సంక్రాంతి పండుగ ముగిసిన కొలది దినములకే నరసరావుపేట, నంద్యాల, మదనపల్లె, ఖమ్మము, కరీంనగరము వంటి పట్టణములనుండి హైదరాబాదునకు బయలుదేరు రాత్రి బస్సులలోను, రైళ్ళలోను ఇటీవలి సంవత్సరములందు ఒక క్రొత్త ప్రయాణికవర్గము కానవచ్చుచున్నది. వీరు ఉద్యోగస్థులు కారు. పండుగకు వచ్చి తిరిగి పోవు బంధువులును కారు. ఇంజనీరింగు చదువులో తుది మెట్టునకు వచ్చి, తాము ‘ఫోర్ టూ’ అని పిలుచుకొను ఆఖరి సెమిస్టరును తరగతి గదిలో గాక ఏదో యొక సంస్థలో ఇంటర్న్‌షిప్పు పేరిట గడపవలసిన విద్యార్థులు. వీరిలో పెక్కుమంది తల్లిదండ్రుల రక్షణను, కళాశాల హాస్టలు గోడలను దాటి ఒక మహానగరములో తమంత తాముగా నివసించుట ఇదియే మొదటిసారి. ఆ నివాసము వారి విద్యలో నొక భాగమని మన విశ్వవిద్యాలయములు నిర్ణయించినవి. ఆ భాగమునకు కావలసిన ద్రవ్యమును మాత్రము అవి తమ లెక్కలోనికి తీసికొనలేదు. ఈ లోపమును గూర్చి తల్లిదండ్రులును, అధ్యాపకులును, పాలకులును శ్రద్ధతో ఆలోచింపవలసిన సమయము వచ్చినదని నా నిశ్చితాభిప్రాయము.

ఇంటర్న్‌షిప్పు నేడు ఇష్టమున్నవారు చేసి, లేనివారు మానుకొను వ్యవహారము కాదు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన మాదిరి పాఠ్యప్రణాళిక దానిని పట్టమునకు కావలసిన క్రెడిట్లలో చేర్చినది. కాకినాడ జె.ఎన్.టి.యు. వారి ఆర్20 నిబంధనలు ఎనిమిదవ సెమిస్టరును ప్రాజెక్టునకును ఇంటర్న్‌షిప్పునకును కేటాయించినవి. ఆంధ్రప్రదేశములో 2020-21 విద్యాసంవత్సరమున సవరింపబడిన ప్రణాళిక ననుసరించి బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. చదువువారికి సైతము మూడేండ్లలో మొత్తము 10 నెలల ఇంటర్న్‌షిప్పు విధింపబడినది. అనగా ఏ విద్యార్థియైనను దానిని తప్పించుకొని పట్టము పొందజాలడు. విధింపబడిన పని యేదైనను దానిని నెఱవేర్చుటకు తగిన సాధనములను విధించినవారే సమకూర్పవలెననుట సామాన్యధర్మము; నారు పోసినవాడే నీరు పోయవలెనని మన పల్లెలు ఏనాడో చెప్పియున్నవి.

ఈ విధింపు చెడ్డదని నేను చెప్పబోవుట లేదు. జిల్లాలోని కళాశాలలో పాఠములు చెప్పినవాడను గనుక, తరగతి గది యొక్క పరిమితులు నాకు తెలియును. పరీక్ష కొఱకు వ్రాసిన ప్రోగ్రాము పరీక్షతోనే మరణించును. సంస్థలో వ్రాసిన పది పంక్తులనైతే ఒక సీనియరు శ్రద్ధగా చదివి, దోషములను చూపి, తిప్పి పంపును. ఆ పది పంక్తులు ఎన్నడును చూడని యెవరో వ్రాసిన వేలాది పంక్తులతో పొసగవలెను. పొసగనినాడు ఎక్కడ తెగినదో రాత్రివఱకు కూర్చుండి వెదకవలెను. సివిలు విద్యార్థి పుస్తకములో చదివిన క్యూరింగు అధ్యాయమునకు అర్థము, స్లాబు వేసిన మఱునాడు నీటి ట్యాంకరు రాక, మేస్త్రి తనవంక చూచునపుడు బోధపడును. పటాన్‌చెరు, జీడిమెట్ల పారిశ్రామికవాడలలోని మందుల కర్మాగారమున చేరిన రసాయనశాస్త్ర విద్యార్థి, ఒక్క బ్యాచి నమోదుపత్రములో చెఱపివ్రాత యెంతటి నేరమో తొలి వారములోనే నేర్చుకొనును. సమయమునకు పోవుట, తెలియనిదానిని తెలియదని చెప్పి అడుగుట, పెద్దవారి యెదుట తడబడక మాటాడుట, చేసిన పనిని నాలుగు వాక్యములలో వ్రాసి పంపుట యనునవి యే పాఠ్యపుస్తకములోను లేని విద్యలు. ఆఱు నెలలలో అవి యబ్బిన పిల్లవాడు ఇంటికి తిరిగి వచ్చునప్పటికి వేఱొక మనిషియై వచ్చును.

ఇక హైదరాబాదు నగరము స్వయముగా నొక పాఠశాల. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెఱవబడినది మొదలు ఆ నగరపు పడమటి భాగము తెలుగుదేశపు మధ్యతరగతి యాశలకు గమ్యస్థానమైనది. అంతకన్న తూర్పున, అమీర్‌పేటలోని మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణాలయములు, వానిని అంటుకొని హాస్టళ్ళు, వానిక్రింద జిరాక్సు దుకాణములు, టిఫిను బండ్లు – ఇట్లు విద్యార్థి చుట్టును అల్లుకొన్న యొక వీధిలోకమే పుట్టినది. 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు ఆ అమీర్‌పేటను కూడలిగా జేసికొని, ఇపుడొకవైపు మియాపురమునకు, వేఱొకవైపు నాగోలునకును రాయదుర్గమునకును త్రోవలు చూపుచున్నది. అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, చిక్కడపల్లిలో ఉద్యోగపరీక్షలకు చదువుకొనువారితో నిండియుండు నగర కేంద్ర గ్రంథాలయము – ఇవన్నియు నడుగకయే యిచ్చు విద్యాసంపద. చదువుకొను వయస్సులో నొక సెమిస్టరుకాలము ఇట్టి నగరమున నుండుట భాగ్యమే. ఆ భాగ్యము ఎవరికి లభించుచున్నది, ఎట్టి వెలకు లభించుచున్నది యనునదే యిచటి ప్రశ్న.

మా యూరి రైతు కుమార్తె యొకతె ఈ విధముగా నగరమునకు పోయి, ఎస్సార్ నగరులోని యొక లేడీస్ హాస్టలులో ఫోర్ షేరింగు గదిలో చేరినది. నేను పనిమీద ఆ నగరమునకు పోయినపుడు, ఆమె తండ్రి పంపిన కందిపొడి, ఆవకాయ సీసా నా చేతనే యామెకు చేరినవి. నాలుగు ఇనుప మంచములు, ఒక్కొక్కరి కొక యినుప బీరువా అఱ, గోడకున్న ఒకే ప్లగ్గుపాయింటు నుండి సాగదీసిన తీగకు వ్రేలాడు నాలుగు ఛార్జర్లు, కిటికీ ఊచలకు ఆరవేసిన తువ్వాళ్ళు – ఇదియే యా గది యని ఆమె ఫోనులోని చిత్రము చూపినది. తరువాత సంకోచించుచునే తన చిన్న లెక్కల పుస్తకమును కూడ చూపినది. చేరునాడు కట్టిన అడ్వాన్సు, నెలకు హాస్టలు అద్దె, ఆఫీసునకు పోవుటకు మెట్రో, దిగినచోటినుండి షేర్ ఆటో, ఫోను రీఛార్జి, జ్వరము వచ్చినపుడు కొన్న మాత్రలు, ఇంటికి పోయివచ్చిన బస్సు ఛార్జీ – ప్రతి రూపాయయు ఆ పుస్తకములో కలదు. తెలంగాణలో 2023 డిసెంబరునుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పింపబడినది గాని, పొరుగు రాష్ట్రపు ఆధారు కార్డు గల యీమెకు అది వర్తింపదు. మధ్యాహ్నము ఆఫీసు క్యాంటీనులోని భోజనమునకు డబ్బు చాలక, హాస్టలులో ఉదయము పెట్టిన ఉప్మానే డబ్బాలో సర్దుకొని పోవుచున్నది. స్టైపెండు సంగతి యడుగగా, రెండు నెలలు పని చూచిన పిదప ఇచ్చెదమని సంస్థవారు చెప్పిరనియు, ఆ రెండు నెలలు గడచి మూడవది నడచుచున్నదనియు చెప్పినది. “నాన్న ఫోను చేసినప్పుడల్లా డబ్బులు సరిపోతున్నాయనే చెబుతాను మాస్టారూ. మిర్చికి ఈసారి ధర లేదు కదా, ఇంకా ఏమని అడగను?” అని ఆమె పలికినపుడు నాకు సమాధానము దొరకలేదు.

ఆమె సంస్థలో కూర్చుండి ఆట చూచుచున్నదా యనిన, అదియును కాదు. ఉదయము పోయి చీకటిపడిన పిదప వచ్చుచున్నది. సంస్థవారి ఖాతాదారులు వాడు వెబ్‌సైటులో దొసగులను పరీక్షించి పట్టుకొని నమోదు చేయుట యామె పని. ఆ పనిని ఆమె చేయకున్నచో జీతమిచ్చి మఱొకరిచేత చేయింపవలసియుండును. కొనువానికి ప్రయోజనమున్న శ్రమకు విద్య యను పేరు పెట్టినంతమాత్రమున అది శ్రమ కాకపోదు.

అయినను ఈమె అదృష్టవంతురాలే, ఎందుకన, పోగలిగినది. పోలేనివారి సంగతి మఱింత విచారకరమైనది. పట్నములో బాబాయి యిల్లో, మేనమామ యిల్లో ఉన్న పిల్లవాడు కూకట్‌పల్లిలో దిగి, వేడిగా భోజనము చేసి, మంచి సంస్థలో ఇంటర్న్‌షిప్పు చేసికొని, ఆ సంస్థలోనే యుద్యోగము సంపాదించుకొనుచున్నాడు. పట్నములో నెవరును లేని కూలివాని కుమారుడు మార్కులలో వానికి తీసిపోకపోయినను ఊరిలోనే నిలిచిపోవుచున్నాడు. ఆడపిల్లల విషయమున డబ్బునకు తోడు భయమొకటి చేరును. ఎఱుగని ఊరిలో, ఎఱుగని వీధిలో, లైసెన్సు ఉన్నదో లేదో తెలియని హాస్టలులో కుమార్తెను విడిచి రాలేక, ఇంటికి దగ్గఱగానే ఏదైనను చూచుకొమ్మని చెప్పు తండ్రిని నిందింపజాలము. ఇట్టివారందఱి కొఱకు ఒక వ్యాపారము వెలసినది. కొంత రుసుము చెల్లించిన యెడల కొన్ని వీడియోలను చూపి, ఏదో యొక సంస్థ పేర ఇంటర్న్‌షిప్పు చేసినట్లు సర్టిఫికెట్టు నిచ్చువారు బయలుదేరిరి. కళాశాలలలో కొన్ని ఆ పత్రమును చూచి, హెచ్‌ఓడీ సంతకముతో క్రెడిట్లు వేసి పంపివేయుచున్నవి. విద్యార్థి పనిచేసి కూలి పొందుటకు బదులుగా, తానే డబ్బిచ్చి, పని చేయకయే, చేసినట్లు వ్రాయించుకొనుచున్నాడు. అనుభవము గడింపుమని మనము పెట్టిన నియమము అసత్యమును వ్రాయించుటకు కారణమగుచున్నది.

దీని పర్యవసానము చిన్నది కాదు. నాలుగేండ్లు ఒకే బెంచీపై కూర్చున్న ఇద్దఱిలో నొకడు నిజమైన పని చేసినవాడుగను, రెండవవాడు ఉత్త కాగితము పట్టుకొన్నవాడుగను ఇంటర్వ్యూకు పోవుదురు. రెండు ప్రశ్నలలోనే భేదము బయటపడును. ఆ భేదమును చూచువారు దానిని ప్రతిభయందురు. నిజమునకు అది ఆఱు నెలల హాస్టలు అద్దె. కులముచేతను, ధనముచేతను, లింగముచేతను కలిగిన అంతరములను చదువు చెఱిపివేయునని నమ్మి, స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్సుమెంటు వంటి పథకములపై ప్రభుత్వములు ఇన్నేండ్లు వ్యయము చేసిన పిదప, ఆ చదువు యొక్క చివరి యాఱు నెలలలో ఆ యంతరములు మరల తలయెత్తుటకు చోటిచ్చుట వివేకము కాదు.

చదువుకొనుటకు పట్టణమునకు వచ్చిన పిల్లవాడు ఏమి తినును, ఎచట పండును అని మన పూర్వులు ఆలోచింపకుండ నుండలేదు. వారాలు చేసికొని చదువుకొనుట యను పద్ధతి యొకనాడు తెలుగుదేశమంతటను ఉండెను. వారములో నొక్కొక్క దినము ఒక్కొక్క యింట పేద విద్యార్థికి భోజనము పెట్టుట గృహస్థధర్మముగా నెంచబడెను. అందు కులపు హద్దులు, అవమానములు లేకపోలేదు. ఆ పద్ధతి మరల రావలెనని నేను కోరుట లేదు. కాని పిల్లవాని చదువు ఊరందఱి బాధ్యత యను భావన అందు కలదు. టంగుటూరి ప్రకాశము పంతులు గారి తల్లి భర్తృవియోగానంతరము ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచినది. ఒక తల్లి రెక్కల కష్టమునకు తోడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి వంటి గురువుల యాదరణము లభించినందుననే ఆ బాలుడు రాజమహేంద్రవరమున చదువుకొనగలిగెను. హైదరాబాదులో 1918లో రాజా బహద్దరు వేంకటరామారెడ్డి గారి కృషిచే రెడ్డి హాస్టలు ఏర్పడెను; జిల్లాలనుండి రాజధానికి వచ్చు పిల్లలకు అది ఆశ్రయమయ్యెను; సురవరము ప్రతాపరెడ్డి గారంతటివారు దాని పర్యవేక్షణభారమును వహించిరి. స్వాతంత్ర్యానంతరము సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు ఆ బాధ్యతను ప్రభుత్వముపై నుంచినవి. ఇంతటి సంప్రదాయము గల జాతి, ఇరువదియొక యేండ్ల పిల్లలను మహానగరమునకు పొమ్మని శాసించి, పోయిన పిదప వారి యన్నము సంగతి అడుగకుండుట తగదు.

చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. 1961 నాటి అప్రెంటిసుల చట్టము శిక్షణ పొందువానికి స్టైపెండు ఇచ్చి తీరవలెనని విధించినది. వారు శిక్షణార్థులే గాని కార్మికులు కారని చెప్పుచునే, వారి కడుపునకు కావలసినది ఇయ్యవలెననుటను విడువలేదు. 2019లో సవరింపబడిన నియమములలో పట్టభద్రులైన అప్రెంటిసులకు నెలకు కనీసము 9,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలు నిర్ణయింపబడినవి. కేంద్రప్రభుత్వపు జాతీయ అప్రెంటిసుషిప్పు శిక్షణ పథకము క్రింద ఆ కనీస మొత్తములో సగమును ప్రభుత్వమే భరించు ఏర్పాటు కలదు. వైద్యవిద్యార్థి హౌస్ సర్జనుగా పనిచేయు సంవత్సరమునకు స్టైపెండు ఇచ్చు పద్ధతి మనదేశమున చిరకాలముగా నున్నది. ఇక 2024 జూలై నాటి కేంద్ర బడ్జెటులో ప్రకటింపబడి, అక్టోబరులో ప్రయోగాత్మకముగా మొదలిడబడిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్పు పథకము నెలకు 5,000 రూపాయలును, చేరునపుడు ఒకమాఱు 6,000 రూపాయలును నిర్ణయించినది. కాని పూర్తికాలము చదువుచున్నవారు దానికి అర్హులు కారని ఆ పథకపు నిబంధనలే చెప్పినవి. అప్రెంటిసుగా ఒప్పందము వ్రాసికొన్నవానికి చట్టమున్నది. చదువు ముగిసి ఇంటనున్నవానికి పథకమున్నది. విశ్వవిద్యాలయ శాసనము ననుసరించి, చదువులో భాగముగా, నిర్బంధముగా పనికి పోవుచున్న ఆఖరి సంవత్సరపు విద్యార్థికి మాత్రము ఏదియును లేదు.

స్టైపెండును నిర్బంధము చేసిన యెడల చిన్న సంస్థలు ఇంటర్నులను తీసికొనుటయే మానునని యొక వాదము కలదు. ఇది త్రోసిపుచ్చదగిన వాదము కాదు. చేరిన తొలి నెలలో విద్యార్థి వలన సంస్థకు లాభముకన్న శ్రమయే హెచ్చు. వానికి నేర్పు సీనియరు యొక్క కాలమునకును విలువ కలదు. పదిమందితో నడచు సంస్థకు నెలకు తొమ్మిది వేలు చిన్న మొత్తము కాకపోవచ్చును. కాని అప్రెంటిసుల విషయమున ప్రభుత్వము సగము భరించుట ఇందుకొఱకే కదా! ఆ చట్టములోని నిర్వచనము పట్టము పొందినవారినే గాక, పట్టము పొందుటకై శిక్షణలో నున్నవారిని సైతము కలుపుకొనుచున్నది. కావున క్రొత్త చట్టము చేయవలసిన పని లేదు. కళాశాలలు, సంస్థలు ఇంటర్న్‌షిప్పులను ఆ చట్టపు ఒప్పందముల క్రిందికి తెచ్చిన చాలును. అట్లు తెచ్చినను విద్యార్థికి పూటభోజనమునకు చాలినంతయైన ఇయ్యలేని సంస్థ, వానికి నేర్పగలిగినదియు స్వల్పమే యగుననుట అనుభవముచే నెఱిగిన విషయము. అట్టి చోట్లు తగ్గుటవలన విద్యకు నష్టము లేదు.

కళాశాలల బాధ్యతయు కొంత కలదు. ఆఖరి సెమిస్టరులో తరగతులు జరుగవు. ప్రయోగశాల తలుపు తెఱవబడదు. అయినను ఆ సంవత్సరపు ఫీజు తగ్గదు. ఇట్లు మిగిలిన సొమ్ములో నొక భాగమును పేద విద్యార్థుల నగరవాసమునకై కేటాయించుట న్యాయము. అంతకన్న ముఖ్యమైనది అధ్యాపకుని ప్రయాణము. పేరునకు ప్రతి విద్యార్థికిని ఒక గైడు ఉండును. ఆ గైడు నెలకొకమాఱైనను సంస్థకు పోయి, పిల్లవాడు ఏమి నేర్చుకొనుచున్నాడో, ఎచట నుండుచున్నాడో కన్నులార చూచినచో దొంగ సర్టిఫికెట్లు ఒక్క సంవత్సరములో అంతరించును. ప్రభుత్వములు మఱొక మేలు చేయవచ్చును. అమీర్‌పేట, కూకట్‌పల్లి, గచ్చిబౌలి ప్రాంతములలో ఇంటర్న్‌షిప్పు విద్యార్థులకై, అందును ఆడపిల్లలకై, స్వల్పకాలిక వసతిగృహములను సంక్షేమశాఖలు నడుపవచ్చును; హైదరాబాదునకు చదువు పని మీద వచ్చు ఆంధ్రప్రదేశపు పిల్లల విషయమున రెండు ప్రభుత్వములు ఒక అంగీకారమునకు రావచ్చును.

ఇంకొక మాట. ప్రతి ఇంటర్న్‌షిప్పును మహానగరములోనే యుండవలెనను భ్రమను మనము విడువవలెను. విద్యుత్ పంపిణీ సంస్థల సబ్‌స్టేషనులు, నీటిపారుదల శాఖ కార్యాలయములు, పాల సహకార సంఘములు, చక్కెర కర్మాగారములు, పత్తి మిల్లులు, జిల్లా ఆసుపత్రులు మన జిల్లాలలో కలవు. విశాఖపట్టణమున ఓడరేవును ఉక్కు కర్మాగారమును కలవు. ఎలక్ట్రికలు విద్యార్థికి తన మండలపు సబ్‌స్టేషనులో ఆఱు నెలలు పని నేర్పగల ఇంజనీరు దొరకినచో, వాడు నగరములో కుర్చీ దొరకని యాఫీసుకన్న నెక్కువయే నేర్చును. ఇంటి భోజనము తినుచు నిజమైన పని చేయు అవకాశము కల్పించుట పేద విద్యార్థికి స్టైపెండుతో సమానమైన సహాయము. నగరమునకు పోవువాడు అవసరము కొఱకు పోవలెను గాని, ఊరిలో గతిలేక పోరాదు.

ఇవన్నియు ఒక్క దినములో జరుగునవి కావని నేనెఱుగుదును. వసతిగృహమునకు నిధులు కావలెను. ప్రభుత్వముల అంగీకారమునకు కాలము కావలెను. కాని మొదటి యడుగునకు ఈ రెండును అక్కఱలేదు. మన విశ్వవిద్యాలయముల పాలకమండళ్ళు వచ్చు విద్యాసంవత్సరపు నిబంధనలలో నొక్క వాక్యము చేర్చిన చాలును: విద్యార్థి నుండి రుసుము వసూలు చేసిన ఇంటర్న్‌షిప్పునకు గాని, ఇల్లు విడిచి పోయి పనిచేసినను స్టైపెండు చెల్లింపని ఇంటర్న్‌షిప్పునకు గాని క్రెడిట్లు ఈయబడవు. ఈ వాక్యము వ్రాయబడిననాడు, విద్యార్థిని ఉచితముగా వాడుకొనుటకు అలవాటుపడినవారు తమ పద్ధతి మార్చుకొందురు. సర్టిఫికెట్ల వ్యాపారమునకు గిరాకి పోవును. మిర్చికి ధర లేనినాడు కూడ రైతు తన కుమార్తెను ధైర్యముగా పట్నమునకు పంపగలడు. విద్యను విధిగా జేయు అధికారము విశ్వవిద్యాలయములకు కలదు. ఆ విధిని నెఱవేర్చుటకు పేదవాడు ఋణపడకుండ జూచు బాధ్యతయు ఆ విశ్వవిద్యాలయములదే.